వాలు మీద రెండు చక్రాల బండి: నొగ పట్టుకునే ముందు చూసుకోవాల్సిన లెక్క

పోయినేడు ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవానికి, మన క్లబ్ పుస్తక ప్రదర్శన కొండ మీది హాస్టల్ ముందు పెట్టాలనుకున్నాం. పుస్తకాలన్నీ ఒక చిన్న ట్రెయిలర్లో సర్దాం. చిన్నదంటే ట్రాక్టర్ వెనక ఉండేది కాదు, జీపుకి తగిలించే రెండు చక్రాల బండి. గేటు దాకా జీపు తెచ్చింది. అక్కణ్నుంచి హాస్టల్ వరకు నలభై మీటర్ల సిమెంటు రోడ్డు, మంచి ఎత్తు. పైన జీపు తిరగడానికి చోటు లేదని డ్రైవరు కొక్కెం విప్పేసి వెళ్లిపోయాడు. ఆరుగురం ఉన్నాం. "లాగేద్దాం రా, ఎంతసేపు" అన్నారెవరో. ఆ అన్నది నేనే అని మిగతా ఐదుగురూ అంటారు.

సగం దూరం బాగానే ఎక్కింది. సన్నగా చినుకులు, రోడ్డు మీద పాచి. ముందు లాగుతున్నవాడి చెప్పు జారింది. పక్కవాడు వాడి మీద తూలాడు. మిగతా నలుగురం ఏం జరిగిందో అర్థమయ్యేలోపు బండి వెనక్కి కదిలింది. వెనక నుంచి తోస్తున్న నా రూమ్మేట్ దాన్ని ఆపాలని చక్రం కింద కాలు పెట్టాడు. బండి ఆ కాలు మీదుగా పోయి వేపచెట్టు గట్టుకు కొట్టుకుని ఆగింది. రెండు వేళ్లు విరిగాయి. ఆరు వారాలు కట్టుతో మిడ్ పరీక్షలు రాశాడు.

ఆరుగురిలో నలుగురం మెకానికల్. బెల్ట్ ఫ్రిక్షన్ ప్రాబ్లమ్‌లు చేసి మార్కులు తెచ్చుకున్నవాళ్లం. ఆ సాయంత్రం లెక్క వేసుంటే రెండు వేళ్లు మిగిలేవి. అది ఇప్పుడు వేస్తున్నాను. ఈ పత్రిక చదివే ఏ బ్రాంచి వాళ్లకైనా, ఏదో ఒక ఫెస్టులో జనరేటరో, సౌండ్ బాక్సుల బండో, నీళ్ల ట్యాంకో ఎదురవుతుంది.

ముందు ఒక మాట సంగతి. ట్రెయిలర్ ముందు పొడుగ్గా ఉండి జీపుకి తగిలే ఇనప కడ్డీని డ్రాబార్ అంటున్నాం. ఎద్దుల బండికి ఇదే పని చేసేదాన్ని మన ఊళ్లలో నొగ అంటారు. చక్కటి మాట, రెండక్షరాలు. ఈ వ్యాసంలో అదే వాడతాను. చక్రాలను కలిపే కడ్డీ ఇరుసు, అది ఎలాగూ అందరికీ తెలుసు. బలాన్ని న్యూటన్లలో కాకుండా కేజీల్లో చెబుతాను. "20 కేజీల బలం" అంటే హాస్టల్ వరండాలో ఉండే నీళ్ల క్యాన్‌ని ఎత్తి పట్టుకున్నంత బలం అనుకోండి.

మా బండి 150 కేజీలు, పుస్తకాలు 200. మొత్తం 350. రోడ్డు దాదాపు ఆరడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేస్తుంది, అంటే తొమ్మిదిన్నర డిగ్రీల వాలు. చదునైన సిమెంటు మీద, గాలి నిండుగా ఉన్న టైర్లతో ఇంత బండిని కదుపుతూ ఉండటానికి సుమారు 5 కేజీల బలం చాలు. ఒక్క చేత్తో లాగొచ్చు. గేటు దగ్గర మాకు ధైర్యం వచ్చింది అందుకే. వాలు మొదలవగానే బరువులో దాదాపు ఆరో వంతు, 57 కేజీలకు పైగా, వెనక్కి లాగుతుంది. దానికి టైర్ల నిరోధం కలిపితే 63. చదును మీద 5, ఇక్కడ 63. పన్నెండు రెట్లు! కంటికి మాత్రం ఆ రోడ్డు "కొంచెం ఎత్తు"గానే కనిపిస్తుంది.

అయినా ఆరుగురికి పంచితే మనిషికి పదిన్నర కేజీలే కదా. అంత శ్రమ కూడా కాదు. 350 కేజీలను ఆరున్నర మీటర్లు పైకి చేర్చడానికి అయ్యే పని మొత్తం 23 కిలోజౌళ్ల లోపు. మన కండరాలు తిన్నదానిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మారుస్తాయని లెక్కలోకి తీసుకున్నా, ఒకటి రెండు టీ బిస్కెట్లతో సరిపోయే శక్తి అది. అరవై కేజీల మనుషులు ఆరుగురు ఖాళీ చేతులతో అదే రోడ్డు ఎక్కినా కాస్త అటూ ఇటూగా ఇంతే పని జరుగుతుంది. కాబట్టి "బలం చాల్లేదు" అని మేం తర్వాత చెప్పుకున్న సాకు చెల్లదు.

కాకపోతే ఈ పదిన్నర అనే అంకె దగ్గరే ఒకసారి ఆగాలి. బ్రిటన్‌లో హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో, తోయడానికీ లాగడానికీ మగవాళ్లకైతే కదిలించేటప్పుడూ ఆపేటప్పుడూ 20 కేజీలు, కదులుతున్నంతసేపూ 10 కేజీలు అనే అంకెలున్నాయి. ఆడవాళ్లకు 15, 7. అంటే ఆరుగురం ఉన్నప్పుడే మేం అంచు మీద ఉన్నాం. అదీ నేల గట్టిగా పట్టు ఇచ్చినప్పటి మాట. వాలు మీద నిలబడ్డ మనిషి తన సొంత బరువు జారకుండా కూడా కాళ్లతోనే ఆపుకోవాలి. అరవై కేజీల మనిషికి అది మరో పది కేజీలు. రెండూ కలిపితే చెప్పుకీ నేలకీ మధ్య ఘర్షణ గుణకం కనీసం 0.35 ఉండాలి. పాచి పట్టిన తడి సిమెంటు మీద అరిగిన రబ్బరు చెప్పు అంత ఇస్తుందా? ఇవ్వదని మా వాడు నిరూపించాడు.

ఇద్దరు పోయారు, నలుగురు మిగిలారు. బండి జారకుండా పట్టి ఉంచడానికి 63 అక్కర్లేదు. టైర్ల నిరోధం ఇప్పుడు మన పక్షం, కాబట్టి 52 చాలు. నలుగురికి తలా 13. అది మోయగలిగిందే. మరి ఎందుకు ఆపలేకపోయాం?

ఒక్క సెకను ఆలస్యమైంది. వ్యవహారమంతా ఆ సెకనులోనే ఉంది. వదిలేసిన బండి ఈ వాలు మీద సెకనుకు సుమారు ఒకటిన్నర మీటర్ల వేగం చొప్పున పెంచుకుంటుంది. మొదటి సెకను అయ్యేసరికి అది కదిలింది ముప్పావు మీటరు లోపే, నడక వేగమే. చూడ్డానికి ఏమంత భయంగా ఉండదు. కానీ ఆ బండిని అక్కణ్నుంచి ఒక్క అడుగు దూరంలో ఆపాలంటే కావాల్సింది 52 కేజీలు కాదు, దాదాపు 180. నలుగురికి తలా 45. అలాగే పది మీటర్లు పోనిస్తే వేగం గంటకు 19 కిలోమీటర్లు దాటుతుంది. అప్పుడు అర మీటరులో ఆపాలంటే 1,100 కేజీలు, అంటే టన్ను పైమాటే. అదే బండి, అదే వాలు.

అందుకే వాలు మీద బండి విషయంలో లాగే బలం గురించి ఆలోచించడం కన్నా, చేతులు వదిలేసినా బండి ఉన్నచోటే ఉండేలా ఏం చేశాం అని చూసుకోవాలి. చేతులు మాత్రమే ఆపుతున్న క్షణం ఒక్కటి కూడా ఉండకూడదు. కాలు అసలు లెక్కలోకే రాదు.

"చక్రం వెనక రాయి పెట్టాల్సింది" అని ఆ రోజు గేటు దగ్గర వాచ్‌మన్ అన్నారు. నిజమే, కానీ ఏ రాయి, ఎప్పుడు అన్నది చాలా తేడా చేస్తుంది. మా చక్రం వ్యాసార్ధం 28 సెంటీమీటర్లు. నిలబడి ఉన్న బండిని ఈ వాలు మీద ఆపడానికి, కాగితం మీద లెక్క వేస్తే, నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున్న గులకరాయి చాలు! నమ్మలేక రెండుసార్లు వేశాను. కానీ అది చక్రానికి అంటుకుని ఉన్నప్పుడు మాత్రమే. రెండు సెంటీమీటర్ల రాయిని చక్రానికి అయిదు సెంటీమీటర్ల దూరంలో పెట్టి చేతులు వదలండి. ఆ కొద్ది దూరంలో వచ్చిన వేగంతోనే బండి రాయి ఎక్కి దిగి వెళ్లిపోగలదు. అదే పది సెంటీమీటర్ల ఎత్తున్న దిమ్మ అయితే, అది జారకుండా ఉన్నంతవరకు, మీటరు దూరం నుంచి వచ్చిన బండిని కూడా ఆపుతుంది. కాబట్టి దిమ్మ చక్రం ఎత్తులో కనీసం ఐదో వంతు ఉండాలి, చక్రాన్ని తాకుతూ ఉండాలి, చక్రంతో పాటే జరుగుతూ రావాలి. జారిన తర్వాత వెతుక్కునే రాయి పనికిరాదు.

రథోత్సవాల్లో చూసే ఉంటారు. వేలమంది ముందు మోకు పట్టుకుని లాగుతుంటారు, ఫోటోలన్నీ వాళ్లవే. రథం పక్కన మాత్రం నలుగురైదుగురు పెద్ద చెక్క దిమ్మలు పట్టుకుని చక్రం వెంట వంగి నడుస్తుంటారు. రథం ఆగేదీ, మలుపు తిరిగేదీ వాళ్ల వల్లే. మా ఆరుగురిలో అలాంటివాడు ఒక్కడూ లేడు. అందరం లాగేవాళ్లమే.

ఇప్పుడు బండిలో సర్దుడు గురించి. దీన్ని మేం అస్సలు పట్టించుకోలేదు. రెండు చక్రాల బండి ఇరుసు మీద ఊగే త్రాసు లాంటిది. మా అంచనా ప్రకారం పోయినేడు బండి గరిమనాభి ఇరుసుకు ఆరు సెంటీమీటర్లు ముందుంది, అర మీటరు పైన ఉంది. చదును మీద నొగ కొస దాదాపు 12 కేజీలు కిందికి మొగ్గుతుంది. సుఖంగా ఉంటుంది, బండి చెప్పిన మాట వింటున్నట్టే ఉంటుంది. నొగ పైకి ఉండేలా వాలు ఎక్కించగానే ఆ అర మీటరు ఎత్తు మీదున్న బరువు వెనక్కి జరుగుతుంది. ఎనిమిది సెంటీమీటర్ల పైన. ఆరు ముందుకున్నది ఇప్పుడు రెండు సెంటీమీటర్లకు పైగా వెనక్కి పోయింది. నొగ నాలుగైదు కేజీల బలంతో పైకి లేవడం మొదలుపెట్టింది. ముందున్నవాళ్లు లాగుతూనే దాన్ని కిందికి నొక్కాల్సి వచ్చింది. ఎవరూ పైకి అనలేదు, అందరూ "బండి ఏదో చిరాగ్గా ఉంది" అనుకున్నారు.

మా తాత ఎద్దుల బండి తోలిన మనిషి. ఈ సంగతి ఫోన్‌లో చెబితే నవ్వాడు. ఎత్తు ఎక్కేటప్పుడు బండి తోలేవాడు ముందుకు జరిగి నొగల మీద కూర్చుంటాడట. లేకపోతే వెనక బరువుకి కాడి పైకి లేచి పట్టెడ ఎద్దు గొంతుకి బిగుసుకుంటుంది. మాకు గొంతుకి ఏమీ కట్టి లేదు కాబట్టి తెలియలేదు.

మా బండిలో అన్నిటికన్నా బరువైనవి నిఘంటువులు. సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు ఆఖరున గుర్తొచ్చి, వెనక పై అరలో దూర్చాం. అంటే ఎక్కడ పెట్టకూడదో సరిగ్గా అక్కడ. ఈసారి వాటిని కింద, ముందు భాగంలో పెట్టాం. కవిత్వం పుస్తకాలు సన్నవి, పైన పెట్టినా ఏమీ కాదు (ఎవరూ నొచ్చుకోవద్దు, బరువు గురించే అంటున్నాను). గరిమనాభి ఎత్తు ముప్పై సెంటీమీటర్లకు దిగింది, ఇరుసుకు పన్నెండు ముందుకొచ్చింది. వాలు మీద కూడా నొగ పదమూడు కేజీల దాకా కిందికే మొగ్గింది.

అసలు దించి మోయొచ్చు కదా అంటారేమో. పది కేజీల అట్టపెట్టెలు ఇరవై, క్లబ్‌లో సభ్యులు ఇరవై మంది పైనే. దించేస్తే ఖాళీ బండికి 27 కేజీల బలమే కావాలి. అన్నిటికన్నా మంచి పద్ధతి అదే, పోయినేడు బద్ధకించి చేయలేదు. ఈ ఏడు చేద్దామనుకుంటే పొద్దుటి నుంచి ఆగని వాన. పుస్తకాలు టార్పాలిన్ కింద నుంచి బయటికి తీసే పరిస్థితి లేదు. జనరేటర్ లాంటిదైతే ఎలాగూ దించలేరు. అలాంటప్పుడు నలుగురైదుగురు, తొందర లేకుండా, ఎవరూ బండి కిందివైపు నిలబడకుండా చేయగలిగే పద్ధతి ఒకటుంది. దాన్ని బండిని నడిపించడం అందాం.

గోద్రెజ్ బీరువాని ఇంట్లో ఎలా జరుపుతారు? ఎవరూ దాన్ని ఎత్తరు. ఒక మూల నేలకి ఆనించి రెండో మూలని ముందుకు తిప్పుతారు, తర్వాత ఈ మూల. బీరువా అడుగులేసుకుంటూ గోడ దాకా పోతుంది. 2012లో టెర్రీ హంట్, కార్ల్ లైపో అనే పరిశోధకులు ఈస్టర్ దీవి రాతి విగ్రహం నమూనా ఒకదాన్ని, నాలుగు టన్నుల పైచిలుకుది, పద్దెనిమిది మందితో మూడు తాళ్లు కట్టి ఇలాగే అటూ ఇటూ ఊపుతూ నడిపించి చూపించారు. రెండు చక్రాల బండికీ ఇదే పనిచేస్తుంది.

నొగ పైకి ఉండాలి. ఎడమ చక్రం వెనక దిమ్మ అంటించి పెట్టాలి. ఇప్పుడు నొగ కొసని లాగకుండా, ఎడమవైపుకి పక్కగా తోయాలి. ఎడమ చక్రం దిమ్మకి ఆని కదలదు, దాని చుట్టూ బండి తిరిగి కుడి చక్రం పైకి ఎక్కుతుంది. దాని వెనకే కుడి దిమ్మ జరుగుతుంది. ఇప్పుడు నొగని కుడివైపుకి తోయాలి, ఎడమ చక్రం ఎక్కుతుంది. మా బండిలో చక్రాల మధ్య దూరం 120 సెంటీమీటర్లు. బండి బరువు ఆనిన చక్రానికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చేతులు ఇరుసుకి 180 దూరంలో ఉన్నాయి. మూడింతల లీవరు. 63 కేజీల పని 21తో అయిపోతుంది. ముగ్గురు తోస్తే తలా ఏడు. నొగకి గట్టి గొట్టం కట్టి పొడుగు పెంచితే ఇంకా తగ్గుతుంది.

ఊరికే వచ్చే లాభం ఏదీ లేదు, దూరంలో కట్టాలి. నొగని ఒకవైపు నుంచి ఇంకోవైపుకి ముప్పై డిగ్రీలు తిప్పితే బండి ముందుకు వెళ్లేది 31 సెంటీమీటర్లే. నలభై మీటర్లకు సుమారు 130 ఊపులు. విసుగు పుడుతుంది. కానీ ప్రతి ఊపు చివరా బండి రెండు దిమ్మల మీద ఆని ఉంటుంది, అందరూ చేతులు తీసేసి ముఖం తుడుచుకోవచ్చు. దిమ్మలు జరిపేవాళ్లు కూడా చక్రం వెనక ఉండరు. దిమ్మకి వెదురు కర్ర బిగించి పక్క నుంచి జరుపుతారు. నాలుగంగుళాల దుంగని ఏటవాలుగా కోయించి, అడుగున పాత సైకిల్ టైరు ముక్క కొట్టాం, తడి నేల మీద జారకుండా.

దీనికి తోడు ఒక మోకు. బండి ముందు ఇరుసు దగ్గర చట్రానికి కట్టి, పైన ఉన్న వేపచెట్టుకి ఒక చుట్టు చుట్టి, కొస ఒకడు పట్టుకోవాలి. బెరడు దెబ్బతినకుండా కింద గోనెపట్టా. ఇక్కడే మన ఆయిలర్ గారి బెల్ట్ సూత్రం పనికొస్తుంది. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే ఒక్క చుట్టుకి బలం ఆరున్నర రెట్లు తగ్గుతుంది. 52 కేజీల బండిని 8 కేజీలతో పట్టుకోవచ్చు. రెండు చుట్లకి కేజీన్నర కూడా అక్కర్లేదు. రేవులో పడవ తాడుని గుంజకి రెండు చుట్లు వేసి మనిషి తీరిగ్గా నిలబడటం ఇందుకే. తాడు కొస మాత్రం చేతికి చుట్టుకోకూడదు. చుట్టుకుంటే బండితో పాటు మీరూ వెళ్తారు.

దిగేటప్పుడు కూడా నొగ పైకే. దించడం సులువనుకుంటారు గానీ, దించేటప్పుడు బండి ఎప్పుడూ పోవాలనే చూస్తుంటుంది కాబట్టి మోకే ముఖ్యం. ఒకటిన్నర చుట్టు, మెల్లగా వదలడం, రెండు మూడు అడుగులకోసారి దిమ్మ. నొగ కిందికి పెట్టి ముందు నడుస్తూ దించడం మాత్రం వద్దు. అప్పుడు బరువు నొగ మీదకి మళ్లుతుంది, మనుషులు బండి దారిలో ఉంటారు.

ఈ ఆగస్టు 29న మేం తోయడానికి ముగ్గురం, దిమ్మలకి ఇద్దరు, మోకు దగ్గర ఒకడు. నా రూమ్మేట్‌ని బండి దగ్గరికి రానివ్వలేదు. వాడు గొడుగు పట్టుకుని వేపచెట్టు గట్టు మీద కూర్చుని "ఎడమ... ఆన్చండి... కుడి..." అని లెక్కపెట్టాడు. డెబ్బై ఎనిమిదో ఊపు దగ్గర ఒక దిమ్మ చీలింది. బండి కదల్లేదు, మోకు బిగిసింది, కొత్త దిమ్మ పెట్టాం. చక్రాలు హాస్టల్ ముందు చప్టా ఎక్కేసరికి వాడి లెక్క నూట ముప్పై నాలుగు, నా వాచీలో యాభై రెండు నిమిషాలు. నా కాగితం మీద నూట ముప్పై ఉంది, ఆ నాలుగూ ఎక్కడివో ఇంకా వాదించుకుంటున్నాం.

దిమ్మలు మూడు, యాభై మీటర్ల మోకు, గోనెపట్టాలు క్లబ్ గదిలో పాత సంచికల బీరువా కింద ఉన్నాయి. ఏ క్లబ్ వాళ్లయినా తీసుకెళ్లొచ్చు, రిజిస్టర్లో రాయండి. మోకు తడిస్తే ఆరబెట్టి చుట్టండి, పోయినవారం ఎవరో తడిదే కుక్కేశారు.